పిండిమీద కోపం రాని రక్తం

మార్చి 9, ఆదివారం

చిరంజీవి బుజ్జమ్మకు,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం, బేకరీ కూడా బాగుంది. నా చేతుల నిండా పిండి కాబట్టి నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది. అక్షరాలు కుదురుగా ఉన్నాయని నావనుకునేవు.

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. ఉబ్బసం ఉన్నవాళ్ల రక్తంలోని తెల్లకణాలు, తమకు పడని వస్తువు తగలగానే దొంగలు పడ్డట్టు కేకలు పెడతాయి. ఆ గోలకే ఊపిరి గొట్టాలు వాచిపోతాయి. వాపు తగ్గించే మందు వాటి నోరు మూయిస్తుంది. అది కళ్లారా చూద్దామని నువ్వు నా రక్తం పట్టుకెళ్లావు. ఒక గిన్నెలో దానికి పిండి రసం తగిలించావు, ఇంకో గిన్నెలో పిండి రసంతోపాటు మందూ కలిపావు. తీరా చూస్తే రెండిట్లోనూ చడీచప్పుడూ లేదు. మందు వేసినా వెయ్యకపోయినా ఒకటే అయినప్పుడు పిండి సంగతి వదిలెయ్యమనీ, పిల్లి వెంట్రుకలమీద పనిచెయ్యమనీ మీ ల్యాబు మేడమ్ అన్నారు. అంతే కదా?

దీనికి అంత బెంగ దేనికమ్మా? ఇంతకాలం అన్నం పెట్టిన పిండిమీద నా రక్తానికి కోపం ఎందుకొస్తుంది? (ఇక్కడ దగ్గారు. రాయొద్దన్నారు.) బేకరీవాళ్ల ఆయాసంమీద నువ్వు పని మొదలుపెట్టింది నాకోసమేనని నాకు తెలుసు. అయినా పిల్లులు మాత్రం ఏం పాపం చేశాయి? హాయిగా ఒప్పేసుకో. (మళ్లీ దగ్గారు. కిటికీ తెరిచాను.)

పిండి కలిపే యంత్రానికి మూత సరిగ్గా పట్టడం లేదు. తిరిగినంతసేపూ గదంతా తెల్లగా అయిపోతోంది. నా తల చూసి మీ అమ్మ ఒకటే నవ్వు. వేళకు తిను.

ఇట్లు,
పరీక్షలో నోరు మెదపని రక్తంగల
మీ నాన్న

తా.క. బుజ్జీ, ఇది అమ్మను. ఆయన ఓవెన్ దగ్గరికి వెళ్లారు, కవరు అంటించేలోగా రాస్తున్నాను.

రక్తం ఇచ్చేముందు రోజూ పీల్చే మందు ఆపమన్నావు, డాక్టరుగారూ సరేనన్నారు. ఆయాసం వస్తే మళ్లీ మొదలుపెట్టి వెంటనే నీకు చెప్పమన్నావు. మీ నాన్న నిజంగానే ఆపారే. మర్నాటికే మాట పెగలక తలుపు పట్టుకుని నిలబడిపోయారు. అప్పటికప్పుడు ఊపిరాడించే మందు పీల్పించాను. కాస్త తెరిపిన పడ్డాక రోజువారీదీ మొదలుపెట్టించాను. నువ్వు రక్తం తీసుకున్న రోజు పొద్దున కూడా పీల్చారు.

నీకు చెబుతానంటే నా చేతులు పట్టుకున్నారు. తెలిస్తే తనను పిండి ముట్టనివ్వవనీ, గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతావనీ ఆయన భయం. అంత మనిషి బతిమాలుతుంటే నాకూ నోరు రాలేదు. కానీ ఇప్పుడు నీ పనే పోయేలా ఉందని తెలిశాక, పైగా ఈ దగ్గు విన్నాక, ఇక నావల్ల కాదు.

ఆ కణాలు ముందే మందు పుచ్చుకుని నీ దగ్గరికి వచ్చాయి. ఈ మాట మీ మేడమ్‌కి చెప్పు. చెప్పి, వెంటనే బయల్దేరి రా. ఆయన్ని ఆ గదిలోంచి బయటికి తేవడం నీవల్లే అవుతుంది.

మందు పనిచెయ్యలేదని ఏడవకు తల్లీ. అది పనిచేసింది కాబట్టే, నీతో ఇన్ని అబద్ధాలు చెప్పడానికి ఆయనకు ఊపిరి ఉంది.