చదివి వినిపించాకే వేలిముద్ర

నా పేరు పెంచలమ్మ. వయసు డెబ్బై ఐదు. కృష్ణపట్నం పోర్టు దగ్గర కొడుకూ కోడలి ఇంట్లో ఉంటున్నాను. సంగంలో ఉన్న నా తమ్ముడు రమణయ్యను దీవించి రాయించేది.

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మేమంతా బాగానే ఉన్నాం, నా గురించి బెంగ వద్దు. ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి బొగ్గు పొడితో నల్లబడుతుంది. నీళ్లు ఉప్పన. చేపలు మాత్రం మన పెన్న చేపల కంటే రుచి, ఈ మాట మరదలితో అనొద్దు. మొదట్లో పలకరించే దిక్కు లేదు. ఇప్పుడు పక్కింటి మస్తాన్‌బీ ఉంది, ఈ ఉత్తరం రాస్తున్నది ఆమే.

అసలు సంగతికి వస్తాను. కావలి హాస్టల్లో ఉండి చదివే మన మనవరాలు స్వప్న, కాలేజీలో విద్యార్థులకు ఎన్నికలు పెట్టాలని తోటి పిల్లలతో గేటు ముందు కూర్చుంది. దాన్ని క్లాసుకు రానివ్వకుండా, ఇంటి పెద్దను పిలిపించారు. కొడుక్కి సెలవు దొరక్క నేనే పోయాను. ఆఫీసులో ఒకాయన కాగితం, ఇంకు ప్యాడు ముందుకు తోసి, "ఏలెయ్ అవ్వా, బస్సు పోతాది" అన్నాడు.

నాకు ఎమర్జెన్సీ గుర్తొచ్చింది. అదే కావలిలో చదువుతూ, సర్కారును తిట్టే కరపత్రాలు నువ్వు మన వడ్ల గాదెలో దాచావు. పోలీసులు "ఏలేస్తే నీ తమ్ముణ్ణి వదిలేస్తాం" అంటే వేశాను. ఏం రాశారని అడగలేదు. కరపత్రాలు నీవేనని నేను చెప్పినట్టు రాసుకున్నారట. ఎన్నికలొచ్చి ఆ సర్కారు పోయేదాకా నువ్వు జైల్లోనే ఉన్నావు. పట్టించింది ఎవరా అని ఊరంతటినీ అనుమానించావు. ఆ వేలు నాదే రమణయ్యా.

అందుకే "చదువబ్బయ్యా, ఇంటా" అన్నాను. పిల్ల తప్పు చేసింది, ఇక నోరెత్తదు, దానికి నాదే పూచీ అని ఉంది.

"నోరు దానిది. నేనెట్టా పూచీ పడేది? ఓటడిగింది, కోళ్లేమన్నా ఎత్తుకపోయిందా?"

"మరి చదువు వద్దా అవ్వా?"

"నేను చెప్పేది రాయి, దానికేస్తా."

క్లాసులకు సరిగా వస్తుంది, ఏ వస్తువూ పగలగొట్టదు అని రాయించి, చదివించుకుని వేశాను. సోమవారం రమ్మన్నారు, చేర్చుకునేటట్టే ఉన్నారు. గేటు దగ్గర పిల్లలు నాకు టీ ఇప్పించారు. వాళ్లకు నీ సంగతి చెప్పాను. జైలుకు పోయిన తాతను చూడాలంటున్నారు.

ఆదివారానికల్లా రా. మొలగొలుకుల బియ్యం కాసిని తీసుకురా. నా మీద కోపముంటే అదీ తెచ్చుకో, అన్నం తిన్నాక తిట్టు. సోమవారం ఇద్దరం కావలి పోదాం.

మరదలికి, పిల్లలకు ఆశీస్సులు. ఊళ్లో నాకంటే పెద్దవాళ్లు ఎవరన్నా మిగిలి ఉంటే వాళ్లకు నా దండాలు.

మస్తాన్‌బీ రెండుసార్లు చదివింది. అంతా విన్నాను. అన్నీ నా మాటలే.

పెంచలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: రాసిన మస్తాన్‌బీ, కోడలు సుజాత