గున్నమ్మకి రెండు సీసాలు

నెల్లిమర్ల, 1968

సెల్లి గున్నమ్మకి నీ తోటికోడలు అసిరమ్మ రాసేది. బాగున్నానంటే అబద్దం అవుతాది.

ఇద్దరికీ కళ్లల్లో నీటికాసులే కదే, ఇజీనగరంలో ఇద్దరికీ ఒక్క డాక్టరే. మరి నాకు సుక్కలమందు ఒక్క సీసా, నీకు రెండా? మీ ఊరి జగ్గమ్మ సెప్పింది. డాక్టరుకి ఏటి మోసావు, పనసపండా?

ఇట్లు,
ఒంటి సీసా అసిరమ్మ

మరో మాట: నా ఒక్కగానొక్క కొడుకు సినబాబు పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే నేను అందరికీ లోకువైపోయాను. ఆడుంటే డాక్టర్ని నిలదీసీవోడు.

చీపురుపల్లి

అప్పకి గున్నమ్మ దండాలు.

పనసపండూ లేదు, ఏటీ లేదు. మొదటి మందుతో నా కంట్లో ప్రెజరు దిగలేదు. అది మానకుండా, తోడు ఇంకోటి ఎయ్యమన్నారు. సుక్క పడితే మంట, నుదురు నొప్పి. ఇందులో గొప్పేటుంది అప్పా?

ఉంటాను,
గున్నమ్మ

మరో మాట: ఒకటేసాక కాసేపు ఆగి రెండోదెయ్యాలట. ఎంటనే ఏస్తే మొదటిదాన్ని కడిగేస్తాదట. అందాకా మా నరసింగరావు నా మంచం మీద కూకొని ఊసులు సెప్తాడు. పనీపాటా లేని కొడుకు!

నెల్లిమర్ల

ఒసే గున్నమ్మా,

నీ ఉత్తరం సదివినకాడి నుంచీ ముద్ద దిగట్లేదు. మందు సంగతి కాదే, ఆ కాసేపు సంగతి! నాకు సుక్కలేసేది పక్కింటి దేముడమ్మ. ఒకటేసి, పొయ్యి మీద పప్పుందని పరిగెడతాది.

అందుకే మందు మానీసాను. ప్రెజరు పెరిగితే నాకూ రెండోది ఇస్తారు కదా.

ఇట్లు,
నీకేటీ తీసిపోని అసిరమ్మ

మరో మాట: మిగిలిన మందు మందార మొక్కకి పోసీసాను. మొగ్గేసింది. నువ్వు రెండు సీసాలూ పోసి సూడు, ఎవరిది ఎక్కువ పూస్తాదో.

చీపురుపల్లి

అప్పా, నీ కాళ్లకి దండం.

నా ఎడమకంట్లో పక్కసూపు పోనాది. ఇస్తరాకులో ఆ పక్కనేసిన కూర కనపడదు. పోయిన సూపు మరి రాదట. ఉన్నది నిలుపుకోడానికే ఆ రెండో సీసా. నీకు ఒక్కదాంతోనే ప్రెజరు దిగిందన్న రోజు కుళ్లి ఏడిసింది నేను! నరసింగరావుని పంపుతున్నాను. ఆడితో డాక్టరు దగ్గరికి ఎల్లు.

నీ గున్నమ్మ

మరో మాట: మందారానికి నీళ్లు సాలు.

నెల్లిమర్ల

సెల్లీ,

ఎల్లొచ్చాం. నా సూపు పోలేదు. డాక్టరు నన్ను తిట్టి, మళ్లీ ఆ ఒక్క సీసాయే సేతిలో పెట్టారు.

ఇంటికొచ్చాక నరసింగరావు సుక్కేసి లెగబోయాడు. "కూకోరా, కాసేపాగి రెండోదెయ్యాలి" అన్నాను. కూకున్నాడు. మా సినబాబూ ఆడూ గెడ్డలో ఈతకొట్టిన ఊసులు సెప్పాడు. ఏడిసి ఏడిసి మందంతా కడిగేసుకున్నాను. ఆడు మళ్లీ ఎయ్యాల్సొచ్చింది. సూసావా, నాకూ రెండు!

ఆదోరం దాకా ఆడిని పంపను. నీకు మా మరిది ఏస్తాడులే. బాగా కుళ్లుకో.

అసిరమ్మ

మరో మాట: డాక్టరు దగ్గర ఆడు నా పక్కనే ఉన్నాడు. నాకు రెండో మందు లేదని ఆడికి తెలుసు. అయినా కూకున్నాడు.