మంచులో తెరచాప

1945 జనవరి, అనకాపల్లి. రాత్రి.

రైల్లో సరుకుకు చోటు దొరకక, మా కొట్టుకు కొన్న బట్టల మూటలను భీమిలి నుంచి నూకరాజు పడవలో తెచ్చాను. తెల్లవారుజామున ఎక్కితే చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఒడ్డు కనిపించనంత మంచు. ఆ మంచులోంచి ఎవరో కేక వేశారు. నూకరాజు బదులు పలికి, పడవను నడిసముద్రం వైపు మళ్లించాడు.

"ఎవడది? ఎటు తీసుకెల్తన్నావు?" అన్నాను.

"మా బావండి బాబూ. ఒడ్డెంట రాళ్లున్నాయని సెప్తన్నాడు."

నమ్మలేదు. ఈ రోజుల్లో బట్టకు ఎంత కరువు! ఇద్దరూ కలిసి నన్ను నీళ్లలోకి తోసేస్తే అడిగేవాడెవడు? మూటల మీదెక్కి కూర్చున్నాను.

ఎండ వచ్చి మంచు విడిపోయింది. వెనక నిజంగానే రాళ్ల మీద కెరటాలు విరుగుతున్నాయి. ఉత్తరపు గాలికి తెరచాప నిండి, పడవ జారినట్టు సాగింది. వెచ్చగా, ఎంతో హాయిగా ఉంది. నేను మాత్రం అతని చేతులనే చూస్తూ కూర్చున్నాను.

మా ఊరికి దగ్గరి రేవు పూడిమడకలో మూటలన్నీ తనే దించి, నూకరాజు నెమ్మదిగా అన్నాడు. "ఇకమీదట బండి మీద ఎల్లండి బాబూ. నా పడవ ఎక్కకండి."

నా అనుమానం మొహంలో కనిపెట్టేశాడా? లేక... ఆ తీరంలో పుట్టినవాడికి రాళ్ల సంగతి ఇంకొకడు చెప్పాలా? మరి ఆ మంచులో కేక దేనికి?

ఇప్పుడే లేచి మూటలన్నీ విప్పి చూశాను. ఒక్క తానూ తగ్గలేదు.