గుండె జోలికి వెళ్లను

ఫిబ్రవరి 3, 1964, సోమవారం
ఈ రోజు నుంచి నా నాడి నేను పట్టుకోను. ఖాయం! పదిహేనో తేదీన ఉద్యోగానికి మెడికల్ పరీక్ష. పాసైతే కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌లో పర్మనెంటు గుమాస్తాని. లోయిస్‌తో చెప్పాను. "మరి ఆ చెయ్యేటండీ?" అంది మా ఆవిడ. వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి. అలవాటు. లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 5
డాక్ గేటు దగ్గర కచోరీలు తిన్నాను. ఛాతీలో మంట. నాలోని పాత కృపాదానమైతే గుండెపోటు అనుకునేవాడు. నేను కచోరీ అనుకున్నాను. ఎంత మార్పు!
సాయంత్రం: గుండెపోటు వచ్చినవాళ్లూ ముందు కచోరీ అనే అనుకుంటారేమో?

ఫిబ్రవరి 7
నాడి పట్టుకోలేదు. మెడ మీద వేలు పెట్టానంతే. మెడ సంగతి తీర్మానంలో లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం
మా తెలుగు చర్చిలో ప్రార్థన అంశాలకి రోగుల పేర్లు చెబుతారు. ప్రతి వారం నా పేరుంటుంది. ఈసారి సాక్ష్యం చెబుదామని లేచాను. "ప్రభువు నాకు రోగభయం తీసేశాడు!" అందరూ స్తోత్రం అన్నారు. అంతలో గుండె దడదడ! కూర్చోకుండానే "నా కోసం ప్రార్థన చేయండి" అన్నాను. సంఘపెద్ద యెషయా గారు ఆశ్చర్యపోలేదు.

ఫిబ్రవరి 12
లోయిస్ ఏడ్చింది. "పర్మనెంటైతే క్వార్టరొస్తాది. ఈ వాట్‌గంజ్ కొంపలో పిల్లలు ఇంకెన్ని వానలకి తడుస్తారండీ? ఆ ఒక్క రోజూ ఊరుకోండి" అంది. సిగ్గేసింది.

ఫిబ్రవరి 15
డాక్టరు గుండె విన్నాడు. "కిచ్ఛు నేయ్. ఏమీ లేదు, వెళ్లు" అని కలం తీశాడు.
ఏమీ లేదంటే? చెప్పి లాభం లేదనా? ఇంకోసారి వినమన్నాను. విన్నాడు. "ఏమీ లేదయ్యా!" అని కసిరాడు. కసిరాడంటే దాస్తున్నట్టే! "సరిగ్గా చూడండి దాదా, మా నాన్న గుండె ఆగే పోయాడు" అన్నాను. నాన్నకి వచ్చింది మలేరియా. అయినా ఆఖరికి ఆగింది గుండే కదా.
మూడోసారికి నా గుండె గొట్టం లేకుండానే వినిపిస్తోంది. "ఇప్పుడుంది" అన్నాడు. నెలాగి రమ్మని రాశాడు.
చూశావా, నేను చెప్పలేదూ అని ముందు సంతోషం వేసింది. గేటు దగ్గర లోయిస్ కనిపించింది.
"ఏటన్నారండీ? గుండెలో ఏటైనా ఉందేటి?"
"లేదు. నేనే అడిగి పెట్టించుకున్నాను."

ఫిబ్రవరి 16
లోయిస్ తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది. తలనొప్పట. నా వల్లే. టీ పెట్టి ఇచ్చాను. తాగలేదు. మంచం పక్కనే కూర్చుని ప్రమాణం చేశాను. రేపటి నుంచి మళ్లీ మొదలు. గుండె జోలికి వెళ్లను.
అయినా ఇప్పుడు గుండె బాగానే ఉంది. ఎడమ కణతే కొంచెం లాగుతోంది.