మొదటి గింజ

సేమె,
మార్చి 25, 1986.

పెద్దింటి ఇల్లాలు, అపోండి అక్కకి,

నీ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని ఈ గడప తొక్కిన, ఉయోమ ఊరి పిల్ల గౌరవంతో రాస్తున్నది. ఇక్కడ అత్త, పిల్లలు, నేను ప్రాణాలతో ఉన్నాం. నాకూరులో నువ్వూ, నీ కూతురు అడోయో, ఆమె పసివాడూ కులాసా అనుకుంటాను. నీ మోకాలు ఎలా ఉంది? అక్కడి చలికి నొప్పి ఎక్కువయ్యే ఉంటుంది.

అక్కా, వానలు పట్టుకున్నాయి. చుట్టుపక్కల చేలన్నిటా జొన్న బెత్తెడు లేచింది. మన చేను మాత్రం దున్నింది దున్నినట్టే పడుంది. పెద్ద భార్యవి నువ్వు, నీ చేతి గింజ పడందే నేను వేయకూడదు. నేను వేయందే మన తోడికోడళ్ళు వేయకూడదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. మొన్న బావి దగ్గర ఒకావిడ, ఏమ్మా, మీ ఇంట్లో మొదటి చెయ్యి విరిగిందా అని అడిగింది. నవ్వుతూనే అడిగిందిలే, నేను కుండ సగం నింపుకునే వచ్చేశాను. పాత గింజలు అడుగంటాయి. పిల్లలకి ముద్ద ఒక్క పూటే. రాత్రికి ఎండుచేపల పులుసు తాగించి పడుకోబెడుతున్నాను. ఈ అదను దాటిపోతే ఏడాదంతా ఇంతే.

నువ్వెందుకు వెళ్ళిపోయావో నాకు తెలియదా? నీ ఇంటి కప్పు కారుతుండగా ఆయన నా ఇంటికి రేకులు వేయించాడు. పెద్దా చిన్నా వరస తెలిసిన మనిషి చేసే పనేనా అది? ఇప్పుడు వాన పడితే ఆ రేకుల మోతకి నాకు నిద్ర పట్టదు. లేచి నీ ఇంట్లోకి పోయి, కారే చోటల్లా కుండలు పెట్టి వస్తున్నాను. గోడలు నానలేదు. నీ పొయ్యి పొడిగానే ఉంది.

ఆయన పని మీద కిసుము వెళ్ళాడు. నిన్న అత్తా నేనూ మొదటి భార్య రాయి దగ్గరికి పోయాం. నడవలేవు అత్తా అన్నాను. నడవలేకపోతే మోస్తావులే, తిన్న తిండి ఎటు పోతుంది అంది. కింద దారి దగ్గర కూచునే ముసలాయన ఆమెను చూసి, ఇంకా పోలేదా నువ్వు, ఈసారి కొత్త కోడల్ని తెచ్చావే అన్నాడు. పాతది నాకూరులో అలిగి కూచుంది అంది అత్త. ఈ రాయి నయం కదూ, అలిగినా కదలదు అన్నాడాయన. అత్త నా భుజం పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

బడిపిల్లలు బస్సులో వచ్చి బండల మధ్య కేకలేసుకుంటున్నారు. లోపల గుహలో ప్రార్థనకి వచ్చిన తెల్లబట్టల ఆడవాళ్ళు ఉపవాసం ఉండి పాడుతున్నారు. మేం పై బండ నీడకి వెళ్ళేసరికి అత్తకి ఆయాసం వచ్చింది. రాతి సందుల్లోంచి కారే నీళ్ళు దోసిట పట్టి తాగించాను. ఆమె రాతి మీద చెయ్యి వేసి, పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది. నా కొడుకు బుద్ధి నీకు చెప్పక్కర్లేదు అంది. తర్వాత నాతో అంది: వెనకటికి ఒకాయన పొద్దస్తమానం ఈ రాతి నీడనే కూచుంటే, ఆయన పెళ్ళాం ఇక్కడికే అన్నం మోసింది, ఈ రాయే ఆయన మొదటి భార్య అని ఊరంతా చెప్పుకుంది. రాయినే తనకంటే ముందు నిలబెట్టింది ఆవిడ, బతికున్న మొదటిదాన్ని పక్కకి నెట్టి ఆ చోట కూచుంటారా ఎవరైనా. అలా అని అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు.

దిగేటప్పుడు అత్తని సగం దారి నేనే మోశాను.

అక్కా, నాతో మాట్లాడకపోయినా సరే. నా ఇంటి వైపు చూడకు, నా చేతి ముద్ద తినకు. వచ్చి చేలో నీ గింజ వేయి. తర్వాత నీ ఇష్టం. ఇది నాకూరు బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, రేపటికి నీకు అందుతుంది.

నీ వెనకే నడవాల్సిన
ఉయోమ పిల్ల

తా.క. పైన రాయని సంగతి ఒకటుంది, అది రాయకపోతే నాకు ఊపిరాడదు. ఆదివారం ఆయన పెద్దల్ని పిలిపించాడు. వెళ్ళిపోయినదాని కోసం చేను ఆగదు, ఉయోమ పిల్లే ముందు వేస్తుంది, ఇకనుంచి ఈ ఇంటికి పెద్ద భార్య ఆమే అని తేల్చారు. నీకు తెలియనివ్వొద్దన్నారు. విత్తనాల బుట్ట అందరి ముందూ నా చేతుల్లో పెట్టారు. రాయి దగ్గర మొక్కి తెచ్చాక వేస్తానంటే ఆయన ఒప్పుకున్నాడు. నిన్న ఆ బుట్టంతా అక్కడి బండ మీద కుమ్మరించాను. పిట్టలు వాలి తిన్నాయి. అత్త చూస్తూనే ఉంది, ఆపలేదు. అవి ఇంట్లో ఉంటే, పిల్లలు ఆకలని ఏడ్చినప్పుడు నా చెయ్యి నా మాట వినక చేలో చల్లేస్తుందని భయమేసింది. శనివారం ఆయన వచ్చి చేను చూస్తాడు. ఈలోగా రా. వచ్చేటప్పుడు విత్తనాలు నువ్వే తెచ్చుకో అక్కా, ఇంట్లో వేయడానికి ఒక్క గింజ లేదు.