రోలరు తొక్కిన నేల

కంకిపాడు,
26-2-1979.

ప్రియమైన కోడలు హన్నాకు అత్త శౌరమ్మ దీవించి రాయించునది. ఇక్కడ దేవమాత దయవల్ల మేము బాగున్నాం. నువ్వు, పాప, అన్నయ్యగారు, వదినగారు సుఖంగా ఉన్నారని తలుస్తాను. పాపకు దగ్గు తగ్గిందా?

నీ ఉత్తరం అందింది. బిడ్డ పుట్టి రెండు నెలలైనా జాన్‌బాబు మైలవరం రాలేదని, జ్ఞానస్నానానికి కూడా నేనొక్కదాన్నే వచ్చానని, మొగుడన్నవాడు కార్డు ముక్కయినా రాయకపోతే ఏమనుకోవాలని అడిగావు. ఆడపిల్ల పుట్టిందని అలిగాడేమోనని మీ వాళ్లు అనుకుంటున్నారట. అమ్మాయ్, ఆ మాట మాత్రం మనసులోంచి తీసెయ్యి. వాడికి తీరిక లేదు, అంతే. అట్టల మిల్లులో మడ్డి యార్డుకి కాంక్రీటు వేస్తున్నారు. వాడు పొద్దున పోతే మళ్లీ దీపాలవేళకే ఇంటికి రావడం.

అట్టల కోసం గడ్డి ఉడకేశాక మిగిలిన సున్నపు మడ్డంతా ఆ యార్డులోనే కదా పోసేది! అసలే నల్లరేగడి. వాన పడిందంటే ట్రాక్టరు చక్రాలు ఇరుసుదాకా దిగిపోయేవి. కంకర పోస్తే మట్టి మింగేసింది. తారు వేస్తే బరువుకి గుంటలు పడ్డాయి. చివరికి ఇంజనీరు కాశీరావుగారు కొత్తరకం కాంక్రీటు వేద్దామన్నారు.

అది మన స్లాబు కాంక్రీటులా జారుగా ఉండదే హన్నా. పొడిపొడిగా, చెమ్మ తగిలిన మట్టిలా ఉంటుంది. గుప్పిట్లో నొక్కితే ముద్దవుతుంది, చెయ్యి మాత్రం తడవదు. ఇనప ఊచలు లేవు, తాపీ పని లేదు. లారీల్లో తెచ్చి కుమ్మరించడం, పారలతో పరవడం, దాని మీద రోడ్డు రోలరు నడపడం. నేను క్యారేజీ పట్టుకెళ్లినప్పుడు చూసి, ఇదేం కాంక్రీటు బాబూ, వానొస్తే కొట్టుకుపోదూ అన్నాను. కాశీరావుగారు నవ్వి, రోలరు తొక్కేకొద్దీ బిగుస్తుందమ్మా, చూస్తూ ఉండండి అన్నారు. తర్వాత తడి గోనెలు కప్పారు. మన వీధి రత్తమ్మ వాళ్లంతా అవి ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ వచ్చారు. రత్తమ్మకి నడుము పట్టేసింది పాపం.

మొన్న సగం యార్డుకి గోనెలు తీసి, నిండు లోడుతో ట్రాక్టరు తోలారు. గీత కూడా పడలేదు. నేను చెప్పులు విప్పి నడిచి చూశాను. కాస్త గరుకే గానీ రాయిలా ఉంది. నేలంతా ఒక పక్కకి వాలుగా చేసి, మడ్డినీళ్లు తొట్టిలోకి పోయేలా కట్టారు. ఇక అవి కాలవలో కలవవట. గేదెలు తోలుకెళ్లేవాళ్లకి అదే పెద్ద సంతోషం. మిగతా సగం అయ్యేదాకా వాణ్ణి రమ్మనకు. కోపం పెట్టుకోకు. వదినగారికి నా నమస్కారాలు చెప్పు. పాపకు నా ముద్దులు.

ఇట్లు,
నీ అత్త,
శౌరమ్మ (వేలిముద్ర)

తా.క.: హన్నా, నేను జాన్‌బాబుని. అమ్మ చెబుతుంటే పైదంతా రాసింది నేనే. తనకు చదువు రాదు గనక ఈ నాలుగు మాటలు రాసిన సంగతి తెలియదు. కాంక్రీటు గురించి చెప్పిందంతా నిజం. తీరిక లేదన్నది అబద్ధం. డిసెంబరు వానల్లో యార్డులో నా ట్రాక్టరు జారి, దాని వెనక తగిలించిన ట్రక్కు నా కుడిచేతి మీదకి ఒరిగింది. బెజవాడ ఆస్పత్రిలో మూడు వేళ్లు తీసేశారు. నువ్వు నెలలు నిండిన మనిషివి, తెలిస్తే తట్టుకోలేవని అమ్మ మరియమ్మ మీద ఒట్టు వేయించుకుంది. కానుపయ్యాక చెబుదామంటే పచ్చి బాలింతరాలు అంది. ఆడపిల్లని అలిగానన్న మాట విన్నాక ఇక నావల్ల కాలేదు. ఇంకొకడికి ఇలా కాకూడదని డ్రైవర్లమంతా మేనేజరు గది ముందు కూర్చుంటేనే ఆ యార్డు పని మొదలైంది. ఇది ఎడంచేతి రాత. అందుకే నువ్వు పోల్చుకోలేవు. ఆదివారం పూజ కాగానే మైలవరం బస్సెక్కుతాను. ఈ చేతులతో పాపని ఎలా ఎత్తుకోవాలో నువ్వే చూపించాలి.