వేడి తగ్గని కూర

బుధవారం రాత్రి

ఫోన్‌లో చైనా వంట చూసి మధ్యాహ్నం పెద్దకూర, టమాటాలు కలిపి వండాను. గొడ్డుమాంసం ముక్కలు పలుచగా కోసి, సోయా సాస్ పట్టించి, పెద్ద మంట మీద గబగబా వేయించాను. టమాటాలు రసం వదలగానే కడాయిని వంటింటి నేల మీద దించాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి మూత తీస్తే పొగలొచ్చాయి.

"మళ్ల వేడి చేసినవా?"

"నేనేం ముట్టలే."

ఆయన కడాయి జరిపి, జ్వరం చూసినట్టు నేల మీద అరచెయ్యి పెట్టాడు.

"కింద పాత బాయిల మంట ఇంక ఆరనట్టుంది. బిడ్డను కింద పండబెట్టకు."

మా ఇళ్ల కింది ఆ బొగ్గుగనిని మంటలు లేచినందుకే మూసేశారట. అంతమాట అని తాను తృప్తిగా తిని పడుకున్నాడు.

బిడ్డను ముందుగదిలో మంచమెక్కించాను. ఇప్పుడే దాహమేసి మంచం కింది చెంబు ఎత్తాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి.